ఇద్దరే మాట్లాడిన భాష

మా గంగు పుట్టేనాటికి దానికి తండ్రి లేడు. చచ్చిపోయి కాదు, ఓడెక్కి. బొంబాయి మిల్లులో పని దొరుకుతుందని నిర్మల్ నుంచి పోయినవాడు, అక్కడ పని దొరక్క రేవులో మూటలు మోసి, చివరికి మూటలతో పాటు తనూ ఓడెక్కి సముద్రం అవతలి దీవుల్లో తేలాడు. అంతలో యుద్ధం వచ్చింది. యుద్ధం పోయాక ఆ దీవులవాళ్ళ కొట్లాటలు మొదలయ్యాయి. ఇక్కడ మాకూ నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, ఎలక్షన్లు కూడా వచ్చాయి. ఆయన మాత్రం రాలేదు. పదేళ్ళు నేను గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసి పిల్లను సాకాను. మా శాలోళ్ళ వాడలో ఆడది రాట్నం తిప్పాలి, కండెలు చుట్టాలి. గుంటలో దిగి పడుగు దారాల మధ్య అటూ ఇటూ నాడె విసిరేది మగవాడు. "మొగని మగ్గమెక్కింది" అని వాడంతా నవ్వింది. నవ్వనీ. నవ్వినవాళ్ళెవరూ నా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

ఎలక్షన్లు జరిగిన ఆ ఏడే, హోళీ వెళ్ళాక ఒక పొద్దున ఆయన దిగాడు. చేతిలో రేకు పెట్టె, ఎండకు కమిలిన మొహం, చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు. పదేళ్ళుగా అడుగుదామని దాచుకున్న మాటలు నా గొంతులో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాను.

"మంచిగున్నవా?" అన్నాడు.

"ఉన్న" అన్నాను. అంతే మా పలకరింపు.

గంగు మగ్గం చాటునుంచి తొంగి చూసింది. "గీయన ఎవరవ్వా?"

"మీ బాపు."

"నాకు బాపు లేడు గదా?"

ఆయన విన్నాడు. నేనిచ్చిన చెంబు చేతిలో పట్టుకుని, నీళ్ళు తాగకుండా అట్లాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. తనకు బిడ్డ ఉందని ఆయనకు తెలిసింది కూడా ఆ పొద్దే.

చాలా రోజులు పిల్ల ఆయన దగ్గరికి పోలేదు. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉండేది. ఆయన వచ్చిన మర్నాడే గుంటలో కూర్చున్నాడు. ఎవరూ నన్ను లేవమనలేదు, నేనే లేచాను. మగవాడు వచ్చాక ఆడది గుంటలో కూర్చోదు కదా. మగ్గం పోయింది, పోనీ. రాట్నం ముందుకు చేరి కండెలు చుట్టుకుంటూ, పిల్లైతే నాదే కదా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన నాడె ఆపి, దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "ఇకా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

గంగు ఉండబట్టలేకపోయింది. "ఏంది?"

"చేప. దీవులల్ల చేపను గట్లంటరు."

"గిది చేపెట్లయితది? నాడె గదా."

"నాడెను ఆడ ఏమంటరో నాకెర్క లేదు. నువ్వే పెట్టు పేరు."

పిల్ల వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఇంట్ల ఈతకొడ్తది గదా. ఇంటి చేప."

"ఇల్లంటే రూమా. ఇకా రూమా."

"ఇకా రూమా!" అని గంగు కిలకిలా నవ్వి గుంట అంచున కూర్చుంది. నా చేతిలో దారం తెగింది. పదేళ్ళు పెంచిన పిల్ల నవ్వు నాకు తెలియదా? అట్లాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆ పొద్దు మొదలైంది మా ఇంట్లో ఆ భాష.

మొదట అదంతా దీవుల భాషే అనుకున్నాను. కాదట. "గా రేవుల పది దీవులోళ్ళుంటుండె. ఒకని మాట ఒకనికి రాదు. అందరియి నాలుగు నాలుగు మాటలు కలిపి ఎట్లనో మాట్లాడుకుంటుండె. నాకు యాదికున్నయి సగమే. మిగిలిన సగం మేమిద్దరం కలిసి చేస్తున్నం" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. ఆ "మేమిద్దరం" నాకు ముల్లులా దిగింది.

చేసేవాళ్ళు చెయ్యనే చేశారు. నీళ్ళంటే వాయి, చందమామంటే బూలా, తిండంటే మాకా. ఒకటి కంటే ఎక్కువుంటే మాట రెండుసార్లు అనాలి. నిన్న లేదు, రేపు లేదు. ఆడ లేదు, మగ లేదు. పెద్దవాళ్ళకు ఒక తీరు, చిన్నవాళ్ళకు ఒక తీరు లేదు. తూర్పు పడమరలు కూడా లేవు. దీవుల్లో సముద్రం దిక్కు, కొండ దిక్కు అంటారట, మేం గోదారిని గంగే అంటాం కాబట్టి మా ఇంట్లో అవి గంగ దిక్కు, గుట్ట దిక్కు అయ్యాయి. చివర కరుగ్గా పలికే మాట ఆయన ఏదన్నా తెస్తే గంగు ఒప్పుకునేది కాదు. "గది నాలిక మీద గుచ్చుతుంది బాపు, జర మెత్తగ చెయ్యి" అనేది. ఇద్దరూ అవునన్నాకే అది మాట అవుతుందట. పంచాయితీలో పెద్దమనుషులు కూడా అంత జాగ్రత్తగా మాట్లాడరు.

కండెలు చుట్టేదానికి చేతులకే పని, చెవులు ఖాళీ. నాకు అన్నీ పడేవి. అమ్మను వాళ్ళు ఇనా అంటారని తెలిసింది. ఒకరోజు కోపానికి మాట కావలసి వచ్చింది వాళ్ళకు. ఇద్దరూ ఒకేసారి నా దిక్కు చూశారు. తర్వాత గంగు అంది, "ఇనా ఇనా". ఆయన నాడె కింద పెట్టి మరీ నవ్వాడు. ఒక అవ్వ ఉంటే ఇల్లు, ఇద్దరు అవ్వలుంటే కోపమట!

నాకు కుళ్ళు పుట్టింది. దాచేదేముంది? సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అట్లా అయింది నా బతుకు. జ్వరాలకు కూర్చున్నది నేను, మశూచి వాడలోకి వస్తే పోచమ్మకు బోనమెత్తింది నేను, ఆయన వచ్చి నాలుగు వంకర మాటలు చెప్పగానే పిల్ల ఆయనదైపోయింది. పోనీ ఆయన మీదేనా నా కుళ్ళు? కాదు. పిల్ల మీద కూడా. పదేళ్ళు ఎదురుచూసిన మొగుడు నాతో "ఉప్పు తక్కువైంది" అని, "నూలు అయిపోయింది" అని మాట్లాడేవాడు. పిల్లతో చందమామను గురించి మాట్లాడేవాడు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కుళ్ళుకోవాలో తెలియక ఇద్దరి మీదా సమానంగా కుళ్ళుకున్నాను.

చాలదన్నట్టు పక్కింటి పోశవ్వ ఒకటి. నూలు పంచుకోవడానికి వచ్చి, ఆ ఇద్దరి మాటలు విని, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓ కమలవ్వా, నీ మొగడు ఆడ ఎవతెనో మరిగిండే. లేకపోతే గీ పాడు మాటలు ఎందుకు యాది చేసుకుంటడు? పిల్లతోటి మాట్లాడుతుండనుకుంటున్నవా? గామెతోటే మాట్లాడుతుండు."

ఆ రోజు అన్నం వడ్డిస్తూ నేరుగా అడిగేశాను. "ఆడ నీకు ఎవరన్న ఉండెనా?"

"ఉండె" అన్నాడు. నా చేతిలో గంటె ఆగింది. "ఒక ముసలోడు. నాతోటి బియ్యం మూటలు మోసేటోడు. గీ మాటలు చానా వరకు ఆయనయే. దగ్గి దగ్గి సచ్చిపోయిండు." ఇంకో ముద్ద కలుపుకున్నాడు. చచ్చిపోయిన ముసలివాడి మీద ఎట్లా కుళ్ళుకుంటారు ఎవరైనా? నేను కుళ్ళుకున్నాను. నా మొగుడి పదేళ్ళు వాడికి దొరికాయి.

ఎండలు ముదిరాయి. ఒకరోజు ఆయన నూలు కోసం సొసైటీకి పోయినప్పుడు, గంగుకు తల దువ్వుతున్నాను. పేనొకటి దొరికింది, "కదలకే" అన్నాను. అది నొప్పికి "అవ్వా" అనలేదు. "ఇనా" అంది.

దువ్వెన పక్కన పడేశాను. దాన్ని నా వైపు తిప్పుకుని, దాని చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"ఒట్టు పెట్టు. గా దీవి మాటలు ఇగ నీ నోట్లకెళ్ళి ఒక్కటన్న రావద్దు. వస్తే నీ అవ్వ సస్తది."

పిల్ల మొహం తెల్లబోయింది. "బాపుతోటి గూడనా?"

"బాపుతోటే."

"నేను ఒట్టు పెట్టినట్టు బాపుకు చెప్పొచ్చా?"

"చెప్పినా సస్త."

గంగు కళ్ళలో నీళ్ళు నిండాయి. అయినా చెయ్యి తియ్యలేదు. "ఒట్టు" అంది. మా వైపు ఒట్టంటే ఆట కాదు. ఒట్టు తప్పి తల్లిని పోగొట్టుకున్న పిల్లల కథలు దానికి పోశవ్వే బోలెడు చెప్పింది. ఆ విషయం నాకు తెలిసే చేశాను.

ఆయన వచ్చి, నూలు దించి, ఆ భాషలో ఏదో పిలిచాడు. గంగు పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పిల్ల నా నెత్తి వంక చూసి, వచ్చి నా కొంగు పట్టుకుంది. అలిగిందనుకున్నాడు పాపం. మర్నాడు నాడెను ఈత కొట్టించి చూపించాడు. దీవిలో కోతి కొబ్బరికాయలు కోసే తీరు ఆడి చూపించాడు. పిల్ల నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తింది. ఆఖరికి తెలుగులో కూడా అడిగి చూశాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్న."

వాళ్ళిద్దరికీ తెలుగులో చుట్టరికమే లేదు.

ఆ నాలుగు రోజులు నేను పండగ చేసుకున్నాను. పిల్ల నా వెంటే, నా కొంగుకే. పోశవ్వతో పొగరుగా మాట్లాడాను. కానీ ఒక మధ్యాహ్నం కునుకు పట్టి, ముక్కు కింద ఏదో చల్లగా తగిలితే కళ్ళు తెరిచాను. గంగు తన వేలు నా ముక్కు కింద పెట్టి చూస్తోంది.

"ఏందే?"

"ఊపిరున్నదా లేదా అని" అంది. "కలల మాట్లాడిన అవ్వా. బాపుతోటి. కలల మాట్లాడితే గూడ సస్తవా?"

అది నా కొంగు పట్టుకుని తిరిగేది ప్రేమతో కాదు, కాపలాకని నాకప్పుడు తెలిసింది. అప్పటికప్పుడు ఆ ఒట్టు తీసేసి ఉంటే అయిపోయేది. తీయబుద్ధి కాలేదు. తీస్తే మళ్ళీ ఆ గుంట అంచుకు పరుగెత్తుతుంది కదా! "కలలకు ఒట్టు లేదు, పండుకో" అని కసిరాను.

వానలు తెచ్చే మిరుగు కార్తె దగ్గర పడుతుండగా ఆయన మగ్గం మీది చీర కోసి, మడతపెట్టి, నా ముందు పెట్టాడు.

"బొంబాయి పోత. మిల్లుల పనున్నదట."

"ఈడ మగ్గమున్నది గదా?"

"మగ్గం నువ్వు నాకంటే మంచిగ నేస్తవ్. చూస్తనే ఉన్న." చీర మడత మళ్ళీ సరిచేశాడు. "గీ ఇంట్ల నాకు మాటలు లేవు కమలా. పిల్లతోటి నాలుగుండె. గవి గూడ అయిపోయినయి. దానికి నా మీద విరక్తి వచ్చినట్టున్నది."

"నేను లేనా? నాతోటి మాట్లాడద్దని ఎవరన్న చెప్పిన్రా?" నా గొంతు లేచింది.

"నీతోటి మాట్లాడుడంటే నాకు భయమైతది. నోరు తెరిస్తే పదేండ్ల లెక్క అడుగుతవని."

నిజమే. అడిగేదాన్నే.

పోయేముందు ఒక పని మిగిలింది. గంగు కడుపులో ఉండగా నేను బాసర సరస్వతికి మొక్కుకున్నాను. పుట్టిన బిడ్డ తండ్రి ఒడిలో కూర్చునే అక్షరం దిద్దుతుందని. ఆయన రాలేదు, నేను మొండిదాన్ని, పిల్లను పదేళ్ళొచ్చినా బడికి పంపలేదు. "పెండ్లీడుకు అక్షరాభ్యాసమా" అని వాడ నవ్వింది, అదీ నవ్వనిచ్చాను. బాసరలోనే రైలు ఉంది. అక్షరం దిద్దించి అక్కడే బొంబాయి దిక్కు పోయే మన్మాడు బండి ఎక్కుతానన్నాడు. భైంసా దాకా మోటారులో, అక్కడి నుంచి ఎడ్లబండిలో పోయాం. దారంతా ముగ్గురం మూడు దిక్కులు చూశాం.

గంగలో మునిగి, తడి బట్టలతో గుళ్ళోకి పోయాం. పదేళ్ళ పిల్ల తండ్రి ఒడిలో పట్టదు. మోకాళ్ళు బయటికి వచ్చాయి. ఆయన వేలు పట్టి బియ్యంలో రాయిస్తుంటే, అయ్యవారు చెప్పినట్టల్లా గంగు గట్టిగా పలికింది. అ అంది, ఆ అంది. అమ్మవారి పసుపు నాలుక మీద పెట్టించుకుంది. ఆయన దాని నెత్తి మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పిల్ల కూడా వెనక్కి ఆనుకుంది. నేను చూడలేక అమ్మవారి వంక చూశాను.

స్టేషన్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. గంగు నా కొంగు పట్టుకుని నిలబడింది.

"మంచిగుండు బిడ్డా. బడికి పో."

తల ఊపింది.

"అవ్వను పరేషాన్ చెయ్యకు."

మళ్ళీ ఊపింది. ఇంజను కూత వేసింది. అప్పుడాయన ఆగలేకపోయాడు. చిన్నగా, "వాయి" అన్నాడు. ఆయన దానికి పెట్టుకున్న పేరది. గంగంటే నీళ్ళే కదా. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు ఇంత చేసుకుని నా నెత్తి వంక చూసింది. అప్పటికి గానీ ఆయనకు అనుమానం రాలేదు.

"ఏమైందే దీనికి?"

"నేనే" అన్నాను. "నా మీద ఒట్టు పెట్టించిన. మీ మాట మాట్లాడితే నేను సస్తనని. నీ మీద దానికి విరక్తి లేదు, మన్ను లేదు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. బండి కదిలింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన! మాట్లాడే!" అని పిల్లను ముందుకు తోశాను.

"గట్ల పోవు అవ్వా" అని చేతుల సందులోంచి ఏడ్చింది. "గట్టు మీద పెడితే పోయేటియి ఆటల ఒట్లు. గిది నెత్తి మీద పెట్టింది. నువ్వు సస్తవ్."

ఇంక ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి బండి వెంట నడిచాను, తర్వాత పరుగెత్తాను. ఒట్టుకు ముందు గంగు రోజూ ఆయన్ను గుంటలోంచి అన్నానికి పిలిచిన మాట ఉంది. అదే వచ్చింది నోటికి.

"మాయి బాలీ! మాకా, మాకా!"

వెనక్కి రా, అన్నం తిందువు రా. రైలు మీద పోయేవాణ్ణి పట్టుకుని అనే మాటేనా అది? ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన కిటికీలోంచి సగం బయటికి వంగాడు. నోరు తెరుచుకుంది. నాకా మాటలు వచ్చని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"మాయి బాలీ!" అని మళ్ళీ అరిచాను. గంగు నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "చూడే, మీ మాట నేనన్న! సచ్చిన్నా?" అన్నాను రొప్పుతూ.

అంతే, కట్ట తెగింది. పిల్ల బండి వెంట పరుగెత్తుతూ అన్నీ అరిచేసింది. చేపలు, చందమామలు, గంగ దిక్కు, గుట్ట దిక్కు, ఇన్నాళ్ళు మింగినవన్నీ. ఆయన ఏడుస్తూ నవ్వుతూ జవాబిచ్చాడు. ప్లాట్‌ఫారం అయిపోయేచోట గంగు ఆగింది. నేను దాని వెనక ఆగాను. నన్ను మరిచిపోయారు ఇద్దరూ, మళ్ళీ మొదటికే వచ్చింది అనుకున్నాను.

అప్పుడాయన పిల్ల మీదుగా నన్ను చూశాడు. నన్నే. ఒక మాట అన్నాడు. పొడుగాటి మాట, చివర మెత్తగా ఉంది. బండి వంపు తిరిగి కనబడకుండా పోయింది.

"ఏమన్నడే?" అన్నాను. నాకు తెలియని మాట ఉందా వాళ్ళ భాషలో?

గంగు కళ్ళు తుడుచుకుంటూ ఆలోచించింది. "నాకెర్క లేదు. గా మాట మాకు లేదు." ఇంకాసేపు ఆలోచించింది. "కొత్తగ చేసిండు. నన్ను అడగకుంట చేసిండు! ఇద్దరం అవునంటెనే మాటయితది. నీకొక్కదానికి ఎట్ల చేస్తడు?"

దాని ముక్కుపుటాలు ఉబ్బాయి, కింది పెదవి ముందుకు వచ్చింది. ఆ మొహం నేనెరుగుదును. ఎండాకాలమంతా నీళ్ళ బిందెలోకి వంగినప్పుడల్లా నాకు కనబడిన మొహమే. బిడ్డను అట్లా చూస్తే తల్లికి జాలి కలగాలి. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ పొద్దు బాసర సత్రంలో రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాను.

ఆయన దసరాకు వచ్చాడు, మళ్ళీ పోలేదు. వచ్చిన రోజే అడిగాను ఆ మాటకు అర్థమేమిటని. నాకొక్కదానికే చెప్పాడు. గంగుకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇప్పుడు తన పిల్లలకు ఆ భాష నేర్పుతోంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా పక్కన చేరి, "అవ్వా, గా రైలుకాడి మాట జర చెప్పవా, పిల్లలకు నేర్పుత" అని బతిమాలుతుంది.

చెప్పను. దాని భాషలో అన్ని మాటలూ దానివే. ఆ ఒక్కటీ నాది.